పురిటికొచ్చిన కొంగలు

ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే కొంగల్ని ఆ ఊరివాళ్ళు పురిటికొచ్చిన ఆడపడుచులనేవారు. అవి పిల్లలతో ఎగిరిపోయేదాకా ఎవరూ చెట్ల మీద గొడ్డలి వేసేవారు కాదు. రాజుగారికి అదేం పట్టింది? పుట్టబోయే మనవడి బారసాల పందిరికి ఆ చెట్లే నరకమని మనుషుల్ని పంపాడు.

ఆ ఊరి చెంగమ్మకు ఒళ్ళు మండింది. ఊరిని వెంటేసుకుని కోటకెళ్ళి, రాకుమారి ఉన్న పురిటిగది మీదెక్కి పెంకులు పీకసాగింది.

“ఒసే, దిగు! లోపల నిండు చూలాలుంది!” రాజు అరిచాడు.

“పందిరికి కర్రలు కావాలన్నారుగా దొరా! ఈ దూలాలు బాగా ఎండాయి. అమ్మాయిగారిని చెట్టెక్కించండి, కొంగల్ని ఎలాగూ ఖాళీ చేయిస్తున్నారుగా!”

“నీ తల తీయిస్తా!”

“కూతురి గూడు పీకితే కోపమొచ్చిందా? మాకూ అందుకే వచ్చింది!”

లోపలినుంచి రాకుమారి గొంతు లేచింది. “నాన్నా, ఆ గొడ్డళ్ళని వెనక్కి పిలుస్తావా, నన్ను అత్తారింటికి పొమ్మంటావా?”

బారసాల ఎండలోనే జరిగింది. రాజుగారి బట్టతల మాడితే మాడింది!