వట్టికోనలో నాలుగో రాయి

అనగా అనగా, ఎంత వెనక్కి అనగా, మీ తాతకు తాత ఇంకా ఉయ్యాలలో కూడా పడని రోజుల్లో, వట్టికోన పక్కన ఒక ఊరుండేది. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే నాకు కథ సాగదు.

వట్టికోన అని ఊరికే పేరు పెట్టలేదు. రెండు పక్కలా తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తున ఎర్రరాతి గోడలు. నడుమ ఎప్పుడో ఏరు పారిన ఇసుక దారి. ఏరు పోయింది, ఇసుక మిగిలింది. వేసవిలో ఆ కోనంతా గాలించినా చుక్క నీరు దొరకదు. దొరికేది ఒక్కటే, తేనె. గోడల అంచుల కింద నల్ల గొంగళ్ళు ఆరేసినట్టు తేనెపట్లు వేలాడుతుండేవి.

ఆ తేనె కోసం ఏటా ఎండాకాలంలో ముగ్గురు స్నేహితులు కోనలోకి పోయేవాళ్ళు. కదిరప్ప, హుసేనప్ప, నారెప్ప. ముగ్గురూ మోకు పట్టినవాళ్ళు. మోకంటే లావుపాటి తాడు. గట్టు మీద బండకు మోకు కట్టి ఒకడు కిందికి దిగుతాడు, ఒకడు పొగ పెడతాడు, ఒకడు మోకు పట్టి నిలబడతాడు. ముగ్గురిలో పెద్దవాడు కదిరప్ప. అతని మాటే మాట.

వాళ్ళ వెనకాల ఇంకొకడు నడిచేవాడు. వాడి పేరు సంజన్న.

సంజన్న నీళ్ళు మోసేవాడు. భుజాన కావడి, కావడికి మూడు పెద్ద సొరబుర్రలు, మూడింటి నిండా నీళ్ళు. చిన్నప్పుడు ఒకసారి మోకు మీద నుంచి పడ్డాడు. అప్పటి నుంచి తల ఎత్తి గట్టు చూస్తే చాలు, కళ్ళు తిరిగేవి. అమ్మా నాన్నా లేరు, పెళ్ళీ కాలేదు. ఊరి చివర గుడిసె. ఏడాది పొడుగునా వాడి గడప తొక్కి "తిన్నావా?" అని అడిగే మనిషి లేడు. కోనకు పోయే ఆ ఏడెనిమిది రోజులే వాడికి పండగ. నలుగురూ కలిసి నడవడం, కలిసి జొన్నరొట్టె తుంచుకోవడం, నారెప్ప చెప్పే పిచ్చి కబుర్లకు పడీ పడీ నవ్వడం. ఆ నవ్వు మిగతా ఏడాదంతా దాచుకుని వాడుకునేవాడు.

ఇప్పుడు వాళ్ళ కట్టుబాటు ఒకటి చెప్పాలి. జాగ్రత్తగా వినండి, కథంతా దాని మీదే ఉంది.

కోన మొదట్లో ఒక చదునైన బండ ఉంది. లోపలికి పోయే ప్రతివాడూ ఇసుకలోంచి ఒక రాయి ఏరి ఆ బండ మీద పెట్టాలి. తిరిగొచ్చాక ఎవడి రాయి వాడు తీసి పారేయాలి. బండ ఖాళీ అయిందా, అందరూ వచ్చినట్టు. రాయి మిగిలిందా, లోపల ఎవడో ఉండిపోయినట్టు. రాయి మిగిలితే ఎంత అలసిపోయినా సరే, వెనక్కి పోవాలి. ఆ మాట దాటినవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. మంచి కట్టుబాటే. కానీ మంచి కట్టుబాటుకు కూడా ఒక కంత ఉంటే ఏం చేస్తాం?

మోకు పట్టినవాడికే రాయి. నీళ్ళు మోసేవాడికి రాయి లేదు.

మొదటి ఏడు సంజన్న అడిగాడు. "కదిరన్నా, నేనూ ఒక రాయి పెట్టనా?"

కదిరప్ప నవ్వాడు. "నువ్వు మోకు పట్టవు కదరా. నీకెందుకు రాయి?"

"అంతేలే అన్నా" అన్నాడు సంజన్న.

రెండో ఏడు మళ్ళీ అడిగాడు. "కదిరన్నా, చిన్న రాయే. మూలకు పెడతా."

"అడిగిందే అడుగుతావేందిరా? నువ్వు యాడికి పోతావు, మా ఎనకాలే కదా ఉండేది?"

"అంతేలే అన్నా."

మూడో ఏడు అడగలేదు. ఇసుకలో ఒక తెల్లరాయి ఏరుకున్నాడు. కోడిగుడ్డంత రాయి, నున్నగా ఉంది. అటూ ఇటూ చూసి, పంచె మడతలో దోపుకున్నాడు. బంగారం కోరాడా? ఊరి పెత్తనం కోరాడా? లోపలికి పోయినవాళ్ళలో తనూ ఒకడని ఆ బండకు తెలిస్తే చాలనుకున్నాడు. అంత చిన్న కోరిక తీర్చడానికి ముగ్గురికి మూడేళ్ళు చాలలేదు. నాకు ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ కోపం వస్తుంది. పోనివ్వండి.

ఆ మూడో ఏడు కోనలోకి పోయారు. మూటలు వీపున, మోకు భుజాన. కోనలో మూడు మలుపులు, మలుపుకొక రోజు నడక. మొదటి మలుపులో సంజన్న ఒక బుర్రను మెడదాకా ఇసుకలో పూడ్చి, మీద రాళ్ళు పేర్చాడు. అది తిరుగుదారికి. రెండో మలుపులో ఇంకొకటి పూడ్చాడు. మూడో బుర్ర మోసుకుంటూ మూడో మలుపు చేరాడు. పెద్దపట్టు ఉండేది అక్కడే.

కదిరప్ప చెప్పాడు. "ఒరే సంజా, నువ్వు ఈడనే ఉండు. ఈ బుర్ర వదిలి కదలొద్దు. కొండముచ్చులు సూసినాయంటే బోర్లిస్తాయి. మేం దిగొచ్చేదాంక మా పానం దాంట్లోనే ఉంది."

"ఈడనే ఉంటా అన్నా. మీరు వచ్చేదాంక కదలను."

ముగ్గురూ పక్కనున్న చీలికలో పాకుతూ పైకెక్కారు. సంజన్న తల దించుకుని నీడలో కూర్చున్నాడు.

పైన మోకు కట్టారు. హుసేనప్ప దిగబోతున్నాడు. అంతలో ఎక్కడిదో ఒక గద్ద వచ్చి పట్టును తన్నింది. ఇంకేముంది! తేనెటీగలు నల్లమబ్బులా లేచాయి. ముగ్గురూ మోకు వదిలేసి, గట్టు మీద పడి పరుగు. వాళ్ళ అరుపులు గాలికి అటే పోయాయి, కింద సంజన్నకు వినబడలేదు. కోనలో మూడు రోజుల దారి, గట్టు మీద అడ్డం పడితే ఒక్క రోజు. కానీ అక్కడ నీడ లేదు, నీళ్ళు లేవు, అందుకే ఎవరూ ఆ దారి పట్టరు. వాళ్ళు దారి చూసుకోలేదు, ఈగల్ని తప్పించుకుంటే చాలనుకున్నారు. పొద్దు వాలేసరికి కోన మొదట్లో బండ దగ్గర పడ్డారు. మొహాలు గుమ్మడికాయల్లా వాచాయి, కళ్ళు మూసుకుపోయాయి.

చేతులతో బండ తడిమారు. కదిరప్ప ఒక రాయి తీశాడు. హుసేనప్ప ఒకటి తీశాడు. నారెప్ప ఒకటి తీశాడు. మళ్ళీ తడిమారు. బండ ఖాళీ.

"అందరం వచ్చినాం" అన్నాడు కదిరప్ప.

ఇంటికి చేరాక అతని పెళ్ళాం లక్షుమక్క అడిగింది. "రాళ్ళు సరిపోయినాయా?"

"సరిపోయినాయే."

ఆమె గుండె మీద చెయ్యి తీసి, పసుపు నూరడానికి పోయింది. తప్పు ఎవరిదంటారు? రాళ్ళు అబద్ధం చెప్పలేదు. రాళ్ళకు తెలిసింది ముగ్గురే.

అక్కడ కోనలో సంజన్న ఎదురుచూస్తున్నాడు.

ఎవరూ లేని చోట వాడేం చేశాడో నీకెట్లా తెలుసని అడుగుతారేమో. ఇసుక చెప్పింది. ఆ తర్వాత కదిరప్ప ఆ ఇసుకలో ప్రతి అడుగూ చదివాడు, బతికినన్నాళ్ళూ చెప్పుకుని ఏడ్చాడు. నేను చెప్పేది ఆ మాటే. వాడి నోటి మాటలంటారా, అవి నావి. సంజన్న మరో మాట అని ఉండడు.

మొదటి రోజు పొద్దు గుంకింది. పైనుంచి అలికిడి లేదు. తేనె బాగా దొరికినట్టుంది, అనుకున్నాడు. "వస్తార్లే" అన్నాడు.

బుర్రలో నీళ్ళు నాలుగు వంతులు. మూడు వాళ్ళవి, ఒకటి తనది. తన వంతులో సగం తాగాడు.

రెండో రోజు గోడ మొదటిదాకా పోయి కేక వేశాడు. "కదిరన్నా!" గోడ ఆ కేకనే తిప్పి కొట్టింది. తన గొంతు తనకే వినబడితే ఒంటరితనం ఇంకా పెరిగింది. మళ్ళీ కేక వేయలేదు. పైన మోకు కొస ఒకటి గాలికి ఊగుతోంది. దెబ్బ తగిలి పడి ఉన్నారేమో, దప్పికతో నాలుకలు ఎండి ఉన్నాయేమో. తన వంతు మిగిలింది తాగేశాడు. బుర్రను ఇసుకలో పూడ్చి, వాళ్ళు పోయిన చీలిక పట్టుకుని ఎక్కబోయాడు. మనిషెత్తు ఎక్కేసరికి కళ్ళు తిరిగి పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని ఎక్కాడు. రెండు మనిషెత్తులు పోయాక చెయ్యి జారింది. ఈసారి కాలు మెలిపడింది.

పాక్కుంటూ నీడలోకి వచ్చి, బుర్రను తవ్వి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వస్తార్లే" అన్నాడు.

మూడో రోజు కొండముచ్చులు గుంపుగా దిగాయి. నీళ్ళ వాసన వాటికి తెలుస్తుంది. సంజన్న రాళ్ళు విసిరాడు. చేతికందిన రాయల్లా విసిరాడు, పంచె మడతలోని తెల్లరాయి తప్ప. బుర్ర మూతి వాడి పెదాలకు జానెడు దూరంలో ఉంది. మూత తీస్తే నీళ్ళు. కానీ ఒక్క గుక్క తాగితే అది ఎవరి వంతులోంచి తాగినట్టు? కదిరన్నదా? హుసేనన్నదా? నవ్వించే నారెప్పదా? ముగ్గురిలో ఎవరి దప్పిక తక్కువదని తేల్చుకోవాలి? తేల్చుకోలేకపోయాడు.

తెల్లరాయి తీసి పిడికిట్లో పెట్టుకున్నాడు. "వస్తార్లే" అన్నాడు.

అదే మూడోసారి, అదే ఆఖరిసారి.

ఊళ్ళో ముగ్గురూ జ్వరంతో మూడు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నారు. నాలుగో రోజు తెల్లవారగానే కదిరప్పకు జ్వరం దిగింది. నోరు పిడచ కట్టుకుపోయింది. కళ్ళు తెరవకుండానే అలవాటుగా అన్నాడు. "సంజా, నీళ్ళు తేరా."

లక్షుమక్క చెంబు తెచ్చి నోటికి పెట్టింది. ఆ చేతి గాజులు చూసి కదిరప్ప లేచి కూర్చున్నాడు.

"సంజన్న యాడే?"

"నన్నడుగుతావేంది? మీతోనే కదా వచ్చింది?"

కదిరప్ప చెంబు వదిలేశాడు. అన్నం దొరక్క కాదు, ఆరోగ్యం చెడి కాదు, లెక్కలోకి రాక ఒక మనిషి ఎడారిలాంటి కోనలో ఉండిపోయాడు. అరుచుకుంటూ హుసేనప్ప ఇంటికి, నారెప్ప ఇంటికి పోయాడు. ముగ్గురూ గట్టు దారినే పరుగెత్తారు. ఎండ నడినెత్తికి వచ్చాక నారెప్ప ఆగాడు.

"నీళ్ళు ఎవరు తెచ్చినార్రా?"

ఎవరూ తేలేదు. ఇన్నేళ్ళుగా నీళ్ళ సంగతి ఆలోచించింది ఒక్కడే, వాడి కోసమే ఇప్పుడు పరుగు. వెనక్కి పోతే పొద్దు పోతుందని ముందుకే పోయారు. సాయంత్రానికి మూడో మలుపు మీదికి వచ్చి, చీలికలోంచి జారుతూ కిందపడ్డారు. గొంతులు ఎండి, పేరు పెట్టి పిలవడానికి కూడా మాట రాలేదు.

సంజన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్ళో బుర్ర, దాని చుట్టూ రెండు చేతులు. హుసేనప్ప ముట్టుకుని చూసి, ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉందన్నాడు. అది ప్రాణం వెచ్చనో, ఎండ వెచ్చనో, ఎవరికి తెలుసు? వాడు మాత్రం లేడు.

కదిరప్ప బుర్ర మూత తీశాడు. సరిగ్గా మూడు వంతుల నీళ్ళు. ఒక్క గుక్క తక్కువ లేదు.

ఆ నీళ్ళు తాగకపోతే ముగ్గురూ అక్కడే రాలిపోయేవాళ్ళు. తాగారు. ఒక్కో గుక్కకూ ఏడుస్తూ తాగారు. సంజన్న ఎవరి కోసం దాచాడో వాళ్ళకే చేరాయి ఆ నీళ్ళు. కానీ పోయడానికి వాడు లేడు.

పిడికిలి విప్పితే తెల్లరాయి. మూడేళ్ళు కోరుకున్న రాయి.

సంజన్నను అక్కడే ఇసుకలో పెట్టి, మీద బండలు పేర్చారు. గట్టు ఎక్కే ఓపిక లేక కోన దారినే నడిచారు. రెండో మలుపులో ఇసుక తవ్వితే సంజన్న పూడ్చిన బుర్ర ఉంది. మొదటి మలుపులో ఇంకొకటి ఉంది. పోయినవాడు మూడు రోజుల దారి పొడుగునా వాళ్ళకు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

కోన మొదట్లో బండ దగ్గర కదిరప్ప మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తెల్లరాయిని బండ మీద పెట్టాడు, మూలకు కాదు, నడిమధ్యన.

"తియ్యొద్దు" అన్నాడు. "వాడు ఇంకా లోపలే ఉండాడు."

రాయి మిగిలితే వెనక్కి పోవాలి కదా? అదే కట్టుబాటు. అందుకే ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఏటా వెనక్కి పోతారు. తేనె ముట్టక ముందే మూడో మలుపు దాకా నడిచి, బుర్రలో నాలుగో వంతు నీళ్ళు ఆ ఇసుక మీద పోసి, "వచ్చినాం సంజన్నా" అంటారు. ఎండకాచిన ఇసుక ఆ నీళ్ళను ఒక్క గుక్కలో తాగేస్తుంది. ఇప్పుడు నీళ్ళు మోసేవాడికీ రాయి ఉంది, రొట్టెలు కాల్చేవాడికీ ఉంది, ఊరికే వెంట వచ్చినవాడికీ ఉంది.

ఇంకొకటి. ఆ పక్క ఊళ్ళలో పెళ్ళికో తిరనాళ్ళకో బండి కట్టినప్పుడు, ఇప్పుడైతే ట్రాక్టరు ఎక్కినప్పుడు, "అందరూ ఎక్కినారా?" అని ఎవరూ అడగరు.

"సంజన్న ఎక్కినాడా?" అని అడుగుతారు.

అప్పుడు ప్రతివాడూ వెనక్కి తిరిగి చూస్తాడు. అందరికంటే వెనక, మూటల మధ్య ముడుచుకుని కూర్చున్నవాడెవడో వాడే జవాబు చెప్పాలి. "ఎక్కినాడు, పోనీ" అని.

ఆ గొంతు వినబడేదాకా బండి కదలదు.