కోర్టుకెళ్ళిన గోడ

విజయనగరం పక్క ఓ ఊళ్ళో అప్పలకొండ కుటుంబమంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదని అందరికీ తెలుసు. ఆ సంగతి అందరికీ చెప్పింది అప్పలకొండ పెళ్ళాం పైడమ్మే. ఆవిడా, మొగుడూ, మరిది సూరిబాబూ ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తారు. తెలివంటే అదేనని పైడమ్మ నమ్మకం.

వాళ్ళకి సన్యాసిరాజు అనే కాంట్రాక్టరు కొత్త ఇల్లు కట్టిచ్చాడు. మొదటి వానకే పడగ్గది గోడ పైనుంచి కిందిదాకా బీటిచ్చింది. అడిగితే, "కొత్తింటికి ఆ మాత్రం ఉంటుంది" అని వెళ్ళిపోయాడు. ఆ గోడ కింద పడుకోనని పైడమ్మ చాప తీసుకెళ్ళి వాకిట్లో వేసుకుంది. ముగ్గురూ ప్లీడరు దగ్గరికెళ్ళారు.

"ఇది కాంట్రాక్టరు నిర్లక్ష్యమే, దావా వేద్దాం. ఈలోగా గోడ మీద ఓ కన్నేసి ఉంచండి" అన్నాడు ప్లీడరు.

అంతే. అప్పలకొండ ఇంటికొచ్చి ఎడమ కన్ను మూసి, కుడి కన్ను బీటకి ఆనించి నిలబడ్డాడు. సున్నం రాలి కన్ను ఉల్లిపాయంత వాచింది.

"పోనీ రెండోది వెయ్యండి" అంది పైడమ్మ.

"ఓ కన్నే అన్నాడు కదే" అన్నాడు అప్పలకొండ.

మళ్ళీ ప్లీడరు దగ్గరికే పరిగెత్తారు. ఆయన తల పట్టుకుని, "విచారణ రోజు దాకా ఇంట్లో ఏదీ కదపకండి. ఆ రోజు సాక్ష్యం కోర్టు ముందు పెడదాం" అన్నాడు.

ఇంకేముంది, పొయ్యి మీద అన్నం మాడి బొగ్గయినా పైడమ్మ గిన్నె దించలేదు. సూరిబాబు గడప దాటుతూ ఆ మాట గుర్తొచ్చి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. పక్కింటివాళ్ళు ముద్దలు కలిపి నోట్లో పెట్టాల్సొచ్చింది.

విచారణ రోజు రానే వచ్చింది.

"సాక్ష్యమంటే ఏది వదినా?" అన్నాడు సూరిబాబు కాలు రుద్దుకుంటూ.

"గోడే."

ముగ్గురూ గునపాలతో గోడ కూల్చి బండికెత్తారు. గోడ పోయాక కప్పెందుకుంటుంది? అదీ కూలింది.

"మంచిదే, సాక్ష్యం పెరిగింది" అంది పైడమ్మ.

అంతా తెచ్చి కోర్టు ముందు గుట్ట పోశారు. సన్యాసిరాజు తరఫు ప్లీడరు లేచి, "ఇల్లు వాళ్ళే కూల్చుకున్నారు. నిర్లక్ష్యం వాళ్ళదే" అన్నాడు. పైడమ్మ మొగుడి కేసి చూసింది. ఇల్లూ పోయి, కేసూ పోతే ఎక్కడుండాలి?

జడ్జిగారు కిందికి దిగొచ్చి ఓ పెళ్ళ తీసి నలిపారు. పిండిలా రాలిపోయింది. అంతా ఇసుకే.

"కూల్చడం మీ తప్పే. కానీ ఇది అసలు గోడే కాదు. వీళ్ళకి కొత్త ఇల్లు కట్టే భారం సన్యాసిరాజు నెత్తినే" అన్నారు.

పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఇల్లు ఆయన నెత్తిన కట్టాలట. మూడు గదులు పడతాయంటావా?" అంది.

"బట్టతలే కదా వదినా, చదును చేసే పని తప్పింది" అన్నాడు సూరిబాబు.

మంచిరోజు చూసుకుని ముగ్గురూ వెళ్ళారు. సన్యాసిరాజు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అప్పలకొండ ఆయన నెత్తి మీద ముగ్గుపిండితో గదులు గీశాడు. సూరిబాబు గునపం ఎత్తి, "కాస్త వంగండి, పునాది తియ్యాలి" అన్నాడు.

సన్యాసిరాజు గ్లాసు విసిరేసి వీధిన పడి పరుగు లంకించుకున్నాడు.

"ఏవండీ, మన ఇల్లు పోలీసు స్టేషను వైపు పోతోంది" అంటూ పైడమ్మ, పొంగించాల్సిన పాలగిన్నె చంకనెట్టుకుని వెనకాలే పరిగెత్తింది.