నేనే రాజునైతే

వాగు దాటుతుంటే మేదర సూరమ్మ నెత్తిమీది బుట్టలన్నీ కొట్టుకుపోయాయి. "నేనే రాజునైతే ఇక్కడ వంతెన కట్టించేదాన్ని!" అని అరిచింది. అంతే! ఆ మాట గట్టు మీదున్న కొత్వాలు చెవిన పడింది. తడిచీరతోనే ఆమెను సభకు ఈడ్చుకెళ్లాడు.

"రాజద్రోహం మహాప్రభో! మీ సింహాసనం మీదే కన్నేసింది. ఉరి తీయించండి!"

రాజు ఆలోచనలో పడ్డాడు. సూరమ్మ కొత్వాలు వైపు తిరిగి నవ్వింది. "ఎందుకు బాబూ ఆ కేకలు? మా రాజుగారిది చల్లని మనసు. నన్నొదిలేస్తారు చూడండి."

కొత్వాలు భగ్గుమన్నాడు. "వదలడమా! నేనే రాజునైతే నిన్నీపాటికి ఉరి తీయించేవాణ్ణి!"

కొత్వాలు నాలుక కరుచుకున్నాడు.

"విన్నారా దొరా! ఇద్దరం చెరోసారి రాజులమయ్యాం," అంది సూరమ్మ. "నేను వంతెన కట్టించాను. ఈయన మనిషిని చంపించాడు. ఇంక ఉరి ఎవరికో మీరే చెప్పండి."

రాజు పగలబడి నవ్వాడు. "ఎవరికీ వద్దు. కొత్వాలూ, రేపే వాగులో దిగి వంతెనకి రాళ్లు మొయ్యి. రాజునైతే అని కాదు, రాజును గనక చెబుతున్నాను!"