పదహారు మెట్ల కింద ఆగిన పాదాలు

దగ్గరికి జరగండి. వెనక గోడకి ఆనుకున్న వాళ్లు కూడా ముందుకు రండి, కాస్త గొంతు తగ్గించి చెప్పాల్సిన కథ ఇది. తల్లీ, పిల్లవాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకో, పర్లేదు. నిద్రలో ఉన్నా మంచి మాట చెవిలో పడుతుంది. ఫోన్లు మాత్రం లోపల పెట్టుకోండి. ఈ కథలోనే బోలెడు ఫోన్లున్నాయి, మీవి కూడా కలిస్తే మోగేది ఎవరిదో నాకు తెలియదు. ఆ స్వామిని ఒకసారి తలుచుకోండి. ఇక వినండి.

హైదరాబాద్‌లో వినీల్ అని ఒక కుర్రాడు. ఇరవై ఏడేళ్లు. ప్రచారం చేసిపెట్టే కంపెనీలో ఉద్యోగం. టీవీల్లో, పేపర్లలో వచ్చే ప్రచారం కాదు. అది చూస్తే ఇప్పటి కుర్రకారు మొహం తిప్పుకుంటారట. వీళ్ల పద్ధతి వేరు. వస్తువు పేరు చెప్పరు. రోడ్డు మీదో గోడ మీదో ఒక వింత పెట్టి పక్కకి తప్పుకుంటారు. అటు పోయే కాలేజీ పిల్లలు "ఇదేందిరా" అని ఫోటో తీసి పది మందికి పంపాలి. ఆ పది మంది వంద మందికి. వస్తువు అంగట్లోకి రాకముందే ఊరంతా దాని ముచ్చటే పెట్టాలి.

వినీల్‌కి మొదటిసారి ఒక పని మొత్తంగా అప్పజెప్పారు. కొత్తరకం బూట్లు, నిండు పసుపు రంగువి. ఈ పిల్లవాడు ఏం చేశాడంటే, ఒక రేకులో బూటు అడుగుభాగం ఆకారంలో కంత కత్తిరించాడు. మెట్రో స్టేషన్ నుంచి ఒకవైపు, కాలేజీ గేటు నుంచి ఇంకోవైపు, తెల్లవారకముందే మూడు రోజులు తిరిగి, నేల మీద ఆ రేకు పెట్టి పసుపు రంగు స్ప్రే కొట్టుకుంటూ వచ్చాడు. విద్యార్థులు అడ్డదారిన పోయే గుర్రాలబావి బస్తీ సందుల్లో కూడా కొట్టాడు. ప్రతి జత పాదాల కింద ఒకటే మాట. "వస్తున్నా."

పసుపు పాదాలు. కింద వస్తున్నా అని రాత. మీరిక్కడ నవ్వుతున్నారు, మీకు అర్థమైంది. మన వినీల్‌కి కాలేదు.

తొమ్మిదో రోజు ఆ బస్తీలో చంద్రవ్వ అనే ముసలామె, తన ఇంటి మెట్ల కింద ఉన్న పాదాలకి కుంకుమ పెట్టి, రెండు బంతిపూలు వేసి, దీపం వెలిగించింది. అటుగా చక్రాల బల్ల మీద జారుకుంటూ పోతున్న విద్యార్థి ఒకడు ఆగి వీడియో తీశాడు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. అమ్మవారు నడిచొచ్చిందని ఒకరు. సినిమా వాళ్ల పని అని ఒకరు. అసలు ఆ ముసలామే లేదు, కంప్యూటర్లో పుట్టించారని ఇంకొకరు.

ఆఫీసులో వినీల్ వాళ్ల మేడమ్ సంతోషానికి హద్దు లేదు.

"మనం కూర్చుని ప్లాన్ చేసినా ఇంత బాగా వచ్చేది కాదు. రేపు పదింటికి వ్యాన్ ఆ సందులోకే. ఆ అవ్వకి మన బూట్లు తొడిగి, హారతి ఇప్పించి షూట్ చేద్దాం. ఈ సాయంత్రంలోగా ఆమెతో సరే అనిపించు. నీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పు, ఇంకొకరికి ఇచ్చేస్తాను."

వినీల్ బండి తాళాలు అందుకున్నాడు. బయటికొచ్చి బండి తీశాడు. బస్తీకి పోదామనుకున్నాడు. తీరా చూస్తే వారాసిగూడలో ఉన్నాడు.

ఎందుకంటే ఆ రోజు గురువారం. వారాసిగూడలో బాలనర్సయ్య గారని, చలనం లేని పరతత్వం గురించి అచల బోధ చెప్పే గురువు ఉండేవారు. వృత్తికి దర్జీ. వినీల్ తండ్రి ఆయన దగ్గరే ఉపదేశం తీసుకున్నాడు, గురువారం వెళ్లి కూర్చునే అలవాటు కొడుక్కీ వచ్చింది. వినీల్ వెళ్లేసరికి ఆయన ఒక చొక్కాకి కాజాలు కుడుతున్నారు.

పిల్లవాడు కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాడు. వరసగా చెప్పలేదు లెండి, చివరిది ముందు, ముందుది చివర.

"అయ్యా, నిజం చెప్తే ఆమె గుండె పగుల్తది. చెప్పకుంటే మోసం. పోనీ చెరిపేద్దమంటే, దేవుడే ఎల్లిపోయిండని ఏడుస్తది. బూట్లు తొడుగుదమంటే..."

"తొడుగుదమంటే?"

"అది అడగనీకె నోరొస్తలేదు. నేనేమన్న తప్పు చేసిన్నా అయ్యా? పాదాలు ఏసినప్పుడు నా మనసుల బూట్లే ఉన్నయి. దేవుడు లేడు."

గురువు దారం కొరికారు.

"ఏమని మొక్కుతున్నది?"

"ఎవరు?"

"ఆ అవ్వ."

వినీల్‌కి ఆ వీడియో ఎంతమంది చూశారో తెలుసు. ఏ వయసు వాళ్లు, ఏ పేటల వాళ్లు, ఎన్ని క్షణాలు చూసి ముందుకు పోయారో తెలుసు. ఇది తెలియదు.

"ఇరవై రెండు లక్షల మంది చూసిండ్రయ్యా," అన్నాడు.

"అండ్ల ఒక్కడన్న అడగలేదా ఆమెను?"

గురువు మిషన్ మీద గుడ్డ కప్పి, చెప్పులు వేసుకున్నారు. "పా," అన్నారు.

బస్తీ మొదట్లో బండి ఆపి ఇద్దరూ నడిచారు. గురువు పసుపు పాదాలు తొక్కకుండా, పక్కనే నడుస్తూ, ఒక్కొక్కటీ చూస్తూ పోతున్నారు, కొలతలు చూసేవాడిలా.

"ఈడ ఒక కాలు వంకర పడ్డదేం?"

"కుక్క ఎంటబడ్డదయ్యా."

"మంచిదాయె. దానికన్న అనుమానమొచ్చింది."

సందు చివర నలుగురైదుగురు విద్యార్థులు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. రెండంతస్తుల ఇల్లు. బయటి నుంచి ఇనప మెట్లు, ఒక మనిషి పక్కకి తిరిగి ఎక్కేంత సన్నవి. వాటి మొదట్లో ఆఖరి జత పాదాలు. కుంకుమ, పూలు, దీపం.

"ఈడనే ఎందుకాగినవ్?" అడిగారు గురువు.

"డబ్బాల రంగు అయిపోయింది."

"మళ్ల రాలేదా?"

"కొత్త డబ్బాలొచ్చినంక కాలేజీ దిక్కుకెళ్లి మొదలువెట్టిన. ఈ నాలుగడుగులు ఎవలు చూస్తరులే అనుకున్న."

చంద్రవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. విద్యార్థులతో, "ఫోటోలు తీసుకుంటే తీసుకోండ్రి గాని, దీపం తన్నకుండ్రి," అంది. వినీల్‌ని చూసి, "నువ్వు గూడ అండ్లనేనా? ఫోనేది?" అంది.

వినీల్ గురువు వైపు చూశాడు. ఆయన మెట్ల వైపు చూస్తున్నారు.

"అవ్వా, నీకొక మాట చెప్పాలె. అవి దేవుని పాదాలు గావు. నేనే ఏసిన. బూట్లవి."

"బూట్లవే," అంది చంద్రవ్వ. "మడిమె కాడ గీతలు కనబడ్తలేవా? అమ్మవారు గీతల బూట్లేసుకొస్తదా బిడ్డా?"

విద్యార్థుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. వినీల్‌కి నవ్వు రాలేదు. ఆమె ఏడిస్తే ఏం చేయాలో ఆలోచించుకుని వచ్చాడు. తిడితే ఏం చేయాలో కూడా. ఇలా అంటుందని మాత్రం అనుకోలేదు.

"మరి... దీపమెందుకు పెడ్తున్నవ్?"

"వస్తున్నా అని రాసున్నదని పక్కింటి పిల్ల సదివి చెప్పింది. ఆరు నెలలాయె, మా గడపకు వస్తున్న అన్నోళ్లు లేరు. రాసినోడు దేవుడో మనిషో, అన్నడు గద. ఆ మాటకు దీపం పెట్టిన."

పైకి చూపించింది. పైన ఆమె భర్త రాజలింగం. తాపీమేస్త్రీ. ఊళ్లో సగం మేడలకి ఆయన గోడలు కట్టాడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయి ఏడు నెలలుగా మంచం మీదే. మొదటి నెల సందులో వాళ్లు నాలుగుసార్లు మోసుకుని ఆసుపత్రికి దించారు. కూలికి పోయేవాళ్లని ఎన్నిసార్లని అడుగుతుంది? అడగడం మానేసింది. డాక్టరు ఎండ తగలనివ్వమన్నాడు. కిటికీలోంచి పక్క మేడ గోడ తప్ప ఇంకేమీ కనిపించదు.

"రోజూ చెప్తున్న ఈ పాదాలకు. ఈడి దాంక వచ్చినవ్, ఇంకా పైకి రా తల్లీ, మెట్లు సన్నగున్నయి గాని పడవులే అని."

వినీల్‌కి ఇప్పుడు ఏదీ పట్టు దొరకడం లేదు. ఆమె మోసపోలేదు. కానీ మొక్కుతోంది. తను నిజం చెప్పేశాడు. కానీ తేలిక పడలేదు. బూట్ల మాట ఎలా ఎత్తాలో తెలియదు, ఎత్తకుండా ఎలా పోవాలో తెలియదు.

"ఎన్ని మెట్లమ్మా?" అడిగారు గురువు.

"పదహారు."

గురువు వినీల్ వైపు తిరిగారు. "మిగిలినయి నువ్వే ఎయ్యి."

హమ్మయ్య, చేయడానికి ఒక పని దొరికిందనుకున్నాడు పిల్లవాడు. సంచి దించాడు. రేకు తీశాడు, రంగు డబ్బా తీసి ఊపాడు. మొదటి మెట్టు మీద రేకు పెట్టబోయాడు.

గురువు చెయ్యి చాపి రేకు తీసుకున్నారు. గోడవారగా నేల మీద పరిచి, దాని మీద కూర్చున్నారు.

"దీంతోటి గాదు."

వినీల్ రేకు వైపు, మెట్ల వైపు చూశాడు. చేతిలో డబ్బా ఉంది. విద్యార్థులు చూస్తున్నారు, చంద్రవ్వ చూస్తోంది. గురువు మాత్రం చొక్కా మీద అంటుకున్న దారపు పోగు తీసుకుంటున్నారు.

డబ్బా కింద పెట్టాడు. కాళ్లకున్నవి కంపెనీ ఇచ్చిన పసుపు బూట్లే. అవి విప్పాడు. ఎక్కాడు.

పైన గదిలో ముసలాయన తల తిప్పి, "ఎవలు?" అన్నాడు.

వినీల్ నోరు తెరిచాడు. తన పేరు చెప్పాలా, కంపెనీ పేరా, తండ్రి పేరా? ఏదీ ఆ ప్రశ్నకి జవాబులా అనిపించలేదు.

"కిందికి పోదమా తాతా?" అన్నాడు.

రాజలింగం ఆ పిల్లవాణ్ని కిందినుంచి మీదికి చూశాడు. మాట సగమే పలుకుతోంది. "ఎండ... ఉన్నదా?"

"ఇంకొద్దిసేపు ఉంటది."

వీపు మీద ఎక్కించుకున్నాడు. ముసలాయన బతికున్న చేయి అతని మెడ చుట్టూ వేశాడు. చంద్రవ్వ పైకి వచ్చి వెనక నుంచి నడుం పట్టుకుంది. మేస్త్రీ శరీరం, మంచాన పడినా బరువే. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగుతున్నాడు.

సగం దిగాక జేబులో ఫోన్ మోగింది. సాయంత్రమైంది కదా, మేడమే అయి ఉంటుంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఫోనొస్తున్నది బిడ్డా," అంది చంద్రవ్వ.

"రానియ్యవ్వా. చేతులు ఖాళీ లేవు."

ఇందాక నవ్విన కుర్రాడు ఫోన్ జేబులో పడేసి, ఎదురింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాడు. గురువు లేచి ఎండకి అడ్డం లేకుండా పక్కకి జరిగారు. రాజలింగాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కళ్లు మూసుకుని, మొహం అలాగే పైకెత్తి ఉంచాడు.

వినీల్ గురువు దగ్గరికి వెళ్లాడు. ఊపిరి అందడం లేదు.

"అయ్యా, రేపు పదింటికి వ్యానొస్తది. నేనేం చెప్పాలె? ఏం చెయ్యాలె?"

బాలనర్సయ్య గారు ముసలాయన వైపు చూస్తూ అన్నారు:

"రేపు గూడ ఎండొస్తది."

ఆ మాటకి అర్థమేమిటో వినీల్‌కి అప్పుడు తెలిసిందో లేదో. మర్నాడు వ్యాన్ వచ్చిందా, ఉద్యోగం ఉందా అని మీరు అడుగుతారు. నాకు చెప్పినవాళ్లు ఇక్కడిదాకానే చెప్పారు. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి ఆ కుర్రాడు మళ్లీ ఆ మెట్లెక్కాడని మాత్రం చెప్పారు.

ఇదీ కథ. ఇందులో ఏం గుర్తున్నా లేకపోయినా, ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఆ పిల్లవాడు మెట్లెక్కి, పడుకున్న మనిషిని "కిందికి పోదమా" అని అడిగాడు. మీ వీధిలోనూ అలాంటి గడప ఒకటి ఉంటుంది. వచ్చే వారం మనం మళ్లీ కూర్చునేలోగా, ఒక్కసారి వెళ్లి ఆ మాట అడిగి రండి.