చెవిలో చాటింపు

"సంగీతోత్సవానికి పొరుగుదేశపు విద్వాంసులు వస్తున్నారు. ఊరి డప్పు చప్పుడు ఎక్కడా వినపడకూడదు! నువ్వు చాటింపు మాత్రం వేసిరా," అన్నాడు ఉత్సవాధికారి విరూపాక్షయ్య.

ముప్పై ఏళ్లుగా తన డప్పు దరువుతో నగరాన్ని ఆడించిన చాటింపుదారు గాలెయ్య మనసు చివుక్కుమంది. అయినా తలూపి వెళ్ళాడు.

సాయంత్రం రాజుగారు వచ్చేసరికి మైదానం బోసిగా ఉంది. గాలెయ్యను పిలిపించారు.

"చాటింపు వెయ్యలేదా?"

"వేస్తూనే ఉన్నా ప్రభూ. డప్పు వినపడకూడదన్నారని ఇంటింటికీ వెళ్ళి చెవిలో చెబుతున్నా. ఇంకా రెండో వీధిలోనే ఉన్నా."

రాజుగారు పగలబడి నవ్వారు. "కొట్టవయ్యా డప్పు!"

దరువు వినగానే ఊరంతా కదిలొచ్చింది. గాలెయ్య వాయిస్తూనే వేదికెక్కాడు.

"జనం వచ్చారుగా, ఇక ఆపు!" అన్నాడు అధికారి.

"ఆపేస్తున్నానని చాటాలన్నా డప్పే కొట్టాలి కదండీ," అంటూ గాలెయ్య ఇంకో దరువు అందుకున్నాడు.