తలుపులకి గొళ్ళెం లేని కోట

వినండి పిల్లలూ. మన తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు కూడా రాని కాలంలో ఒక రాజుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక కూతురు. కూతురి పేరు కుముదవల్లి. ఒకనాడు ఆ పిల్ల మేడమీద తల ఆరబెట్టుకుంటూ ఉంటే, జటాకేతుడనే మాంత్రికుడు గద్దలా వచ్చి ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాలు దాటించి, ఒక దీవిలో నల్లరాతి కోటలో దింపాడు.

"భయపడకు తల్లీ. నా ప్రాణం ఈ పంజరంలో ఉన్న చిలకలో ఉంది. ఆడపిల్ల చేత్తో పెడితేనే ఇది తింటుంది. దీనికి పెట్టు, నువ్వూ తిను. అంతే," అన్నాడు.

నిజంగా అంతే. కొట్టలేదు, తిట్టలేదు. కోట తలుపులకి గొళ్ళేలే లేవు. వాకిట్లో ఉయ్యాలబల్ల మీద కూర్చుని పొద్దస్తమానం తమలపాకులు నములుతుండేవాడు.

అన్నలు వస్తారని కుముదవల్లి ఎదురుచూసింది. ఒక ఏడు చూసింది, రెండేళ్ళు చూసింది, చూస్తూ చూస్తూ ఉండగానే జడలో ఒకటీ రెండూ తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆ దీవిలో పలకరించేందుకు చిలక తప్ప ఎవరూ లేరు. దానికి చిట్టిపలుకు అని పేరు పెట్టుకుంది. మనసులో అనుకున్నవి ఎటు జారిపోతాయో తెలియదు కదా, అందుకని రోజూ పొద్దున్నే సముద్రం వైపు తిరిగి పైకే చెప్పుకునేది: తల్లి పేరు, తండ్రి పేరు, తన పేరు. అప్పుడు గాని చిలకకి జామపండు కోసేది కాదు.

ఏటా ఒక తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టడానికి ఆ దీవికి వచ్చేది. ఒక ఏడు అది ఆగి అడిగింది.

"ఏమ్మా, ఎవరికోసం ఆ చూపులు?"

"మా అన్నలు వస్తారు తాబేలమ్మా."

"వస్తారు, వస్తారు! మీ పెద్దన్నయ్య మొదటి సముద్రంలోనే వాంతులు చేసుకుని వెనక్కి తిరిగాడు. నడిపివాడు మూడో సముద్రం ఒడ్డున ఎవరింట్లోనో అల్లుడై కూర్చున్నాడు. చిన్నవాడైతే ఇంకా మంచి ముహూర్తం వెతుకుతున్నాడు. నా వీపు వెడల్పుగానే ఉంది. ఎక్కుతావా?"

 కుముదవల్లి కొంగు బిగించింది. గడప దగ్గరికి వచ్చేసరికి ఉయ్యాల మీంచి మాంత్రికుడు తలెత్తాడు.

"బయల్దేరావా తల్లీ?"

"వెళ్ళొస్తాను," అంది. పెద్దవాళ్ళు నేర్పిన మర్యాద అది. గడప దాటేవాళ్ళు పోతున్నానని అనకూడదు కదా.

తాబేలు మూడు సముద్రాలు దాటింది. పొద్దు వాలేసరికి నీళ్ళు గిర్రున తిరిగి, ఇద్దర్నీ తెచ్చి దీవి ఒడ్డున పడేశాయి. మర్నాడు చూసుకుంటే తల్లి పేరు గుర్తు లేదు. ఏళ్ళ తరబడి విన్న చిలకకీ గుర్తు లేదు. ఆ పేరుని సముద్రం మింగేసింది.

మరుసటి ఏడు తాబేలు మళ్ళీ వచ్చింది. ఈసారి కుముదవల్లి నోరు మూసుకుని గడప దాటబోయింది.

"ఏంటి తల్లీ, ఇన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక మాటైనా చెప్పవా?" అన్నాడు మాంత్రికుడు, నొచ్చుకున్నట్టు.

"వెళ్ళొస్తాను," అంది, సిగ్గుపడిపోయి.

ఆరో సముద్రం దాకా వెళ్ళారు. నీళ్ళు తిరిగాయి. ఈసారి తండ్రి పేరు పోయింది, ఊరి పేరు కూడా పోయింది. ఇక తన పేరొక్కటే మిగిలింది. అది కూడా పోతే ఈ కోటలో చిలకకి తిండి పెట్టే చెయ్యి ఉంటుంది గాని, కుముదవల్లి ఉండదు.

ఆమె పంజరం పక్కన కూర్చుని ఏడ్చింది. చిలక రెక్కలోంచి ముక్కు పైకి తీసింది. చివరికి నోరు విప్పింది.

"వస్తానని మాట ఇస్తున్నావు. నీ కాళ్ళు ఆ మాట నిలబెడుతున్నాయి. వాడి మంత్రమంతా అందులోనే ఉంది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు పోతే నాతో ఎవరు మాట్లాడతారు?"

కుముదవల్లికి కోపం వచ్చింది, జాలీ వచ్చింది. "మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"నువ్వు మొన్నటినించీ నన్ను పేరు పెట్టి పిలవడం లేదు. చిలకా, చిలకా అంటున్నావు."

ఆ పేరు కూడా పోయిందని ఆమెకి తెలియనే తెలియదు. 

"నా మెడ నులిమితే వాడు చస్తాడు," అంది చిలక.

"నా చేతులు అందుకు రావు."

"అయితే నన్ను మోసుకుపో. ప్రాణం అంత దూరం పోయాక ఒళ్ళు ఏం చేస్తుంది?"

మూడోసారి తాబేలు వచ్చింది. కుముదవల్లి పంజరం చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. తను నాటిన మల్లెపాదు వంక చూసింది. పడుకున్న మంచం, తాగిన బావి, అన్నీ ఇక్కడే. అక్కడ ఏముందో తెలియదు. పేరు కూడా గుర్తులేని అమ్మ, ఉందో లేదో!

"వెళ్ళిరా తల్లీ," అన్నాడు మాంత్రికుడు మెత్తగా.

ఆమె నాలిక మీదికి పాత మాటే వచ్చింది. పళ్ళ బిగువున ఆపింది. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

"పోతున్నాను. ఇంక రాను," అంది.

ఉయ్యాల ఆగిపోయింది. వాడు లేచి పట్టుకోబోయాడు, మోకాళ్ళు నిలవలేదు. తాబేలు ఒక్కో సముద్రం దాటుతుంటే వాడు ఒక్కో పిడికెడు సన్నబడ్డాడు. ఏడోది దాటేసరికి ఉయ్యాల మీద కాసిని తమలపాకులు మాత్రం మిగిలాయి. వాడి ప్రాణం చిలక సొంత ప్రాణమైపోయింది.

"అలల మీద విన్న కబుర్లే గాని నాకు ఊళ్ళు తెలియవు. ఏ ఊళ్ళో దింపమంటావు?" అంది తాబేలు.

"ఊరి పేరు తెలియదు. మనుషులు కనిపించిన చోట దింపు."

బెస్తవాళ్ళ పల్లె దగ్గర దింపింది. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "ఎవరమ్మా నువ్వు? తాబేలెక్కి వచ్చావు, పడవలు దొరకలేదా?" అని నవ్వారు. ఆ నవ్వు వినగానే ఆమె వాళ్ళ మధ్యనే కూర్చుంది. వాళ్ళతోపాటు వలలు అల్లింది, చేపలు ఎండబెట్టింది. పంజరం తలుపు తీసేసింది. చిలక ఎగిరిపోయి, సాయంత్రాలు కబుర్లకి వచ్చేది. అయినా కుముదవల్లి కొన్ని పొద్దుటిపూటలు సముద్రం వైపు తిరిగి పెదవులు కదిపేది, తన పేరు తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఆ దేశపు రాజు విమలవర్మ. ఆయన జుట్టూ నెరుస్తున్నదే, ఆయన ఇల్లూ బోసిపోయినదే. తాబేలెక్కి వచ్చినావిడని చూడ్డానికి ఒకసారి వచ్చాడు, చేపల వాసన అని ముక్కు మూసుకోకుండా వల పక్కన కూర్చున్నాడు. తర్వాత పనేమీ లేకపోయినా వచ్చాడు. ఆఖరికి పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు. ఆమె ఒక పూటంతా ఆలోచించి సరేనంది.

పెళ్ళిపీటల మీద పురోహితుడు అడిగాడు, "అమ్మాయి తాతగారి పేరు? తండ్రిగారి పేరు? తల్లిగారి పేరు?"

 రాజబంధువులు చెవులు కొరుక్కున్నారు. కుముదవల్లి తల దించలేదు.

"అవి సముద్రంలో పోయాయి బాబూ. నా పేరు కుముదవల్లి. ఇక్కణ్ణించి చదవండి," అంది.

పురోహితుడు రాజు మొహం చూశాడు. రాజు నవ్వి తలూపాడు. పురోహితుడు గొంతు సవరించుకుని అక్కణ్ణించే చదివాడు.

ఇద్దరూ చాలాకాలం చల్లగా ఏలారు. వాళ్ళకి కూతుళ్ళు పుట్టారు, మనవరాళ్ళు పుట్టారు. ఆ వంశంలో ఏ పిల్ల పెళ్ళికి పేర్లు చదివినా, అన్నిటికంటే ముందు ఆవిడ పేరే చదువుతారు.