రత్తమ్మ కాగితం

పెడనలో నాంచారయ్య అనే అచ్చుల పనివాడు ఉండేవాడు, చేతిలో ఎంత నేర్పు ఉందో నోట్లో అంత తొందర ఉండేది, ఎవరు ఏం చెప్పబోయినా సగంలోనే "తెలుసు, తెలుసు!" అని అడ్డుపడేవాడు. బట్టల మీద అద్దకానికి టేకుచెక్కతో ఆయన చెక్కే అచ్చుల కోసం చుట్టుపక్కల అద్దకం షెడ్లవాళ్లందరూ ఆయన గుమ్మం ముందే నిలబడేవారు. అందుకని ఆ నోటిని భరించేవారు. ఆయన భార్య వజ్రమ్మ మాత్రం, "మీకు చెప్పుకునే కంటే గోడకి చెప్పుకోవడం నయం. గోడ అడ్డు రాదు," అనేది.

ఒకసారి హైదరాబాదులో జపాను నుంచి వచ్చిన ముసలాయన ఒకరు పదిహేను రోజులు పాఠాలు చెబుతున్నారంటే నాంచారయ్య వెళ్లాడు. జపానువాళ్లు కాగితం మీద అచ్చు వేస్తారు. చెర్రీ చెక్క, ఏటవాలు మొన ఉన్న చాకులాంటి కత్తి, చిన్నా పెద్దా ఉలులు, రంగు పూయడానికి గుర్రపు వెంట్రుకల కుంచె, కాగితాన్ని చెక్కకు అదిమి రుద్దడానికి వెదురు పొరతో చుట్టిన గుండ్రటి బిళ్ల. అన్నీ ఒక పెట్టెలో పెట్టి ఇచ్చారు. సానరాయి చేతికిస్తూ ఆ ముసలాయన ఏదో చెప్పబోయాడు.

"సానపట్టడం మాకు మూడు తరాల విద్యండీ, తెలుసు!" అన్నాడు నాంచారయ్య.

ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం ఆ రాయి మీద ఆముదం పోశాడు. అది నీళ్లలో నానబెట్టాల్సిన రాయి! నూనె తాగి మొద్దుబారి కూర్చుంది, ఇక ఏ కత్తికీ పదును పెట్టలేదు. బుద్ధి రావాలా వద్దా? రాలేదు. "రాయి నాసిరకం," అని పెరట్లో పారేశాడు.

పని మాత్రం అద్భుతంగా పట్టుబడింది. తన తండ్రి రాసిన పాత ఉత్తరానికి పలచని కాగితం మీద నకలు తీసి, దాన్ని చెర్రీ చెక్కలో చెక్కి, కాగితం మీద అచ్చు తీసి, గోడకు తగిలించాడు. కలం ఎక్కడ వణికిందో అక్కడ గీత కూడా వణికినట్టు ఉండేది. చూసినవాళ్లు నోరు తెరిచేవారు.

ఆ గోడ మీది ఉత్తరాన్ని చూసే హైమవతి వచ్చింది. ఆమె బందరులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె తల్లి రత్తమ్మ నలభై ఏళ్లు అద్దకం షెడ్డులో నిలబడి పనిచేసింది. అరవై రెండో ఏట వయోజనుల బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్నాక, షెడ్డులో పనికిరాదని పారేసిన ఒక పలచని కాగితం తెచ్చుకుంది. దాని ముందువైపు సిరాతో గీసిన చిలకా, లతా ఉన్నాయి. ఖాళీగా ఉన్న వెనకవైపు పెన్సిలుతో కూతురికి నాలుగు ముక్కలు రాసింది: "అమ్మాయీ, ఈ ఉత్తరం నేనే రాశాను. ఎవరి చేతా రాయించలేదు." మరుసటి నెలలో పోయింది. ఆమె జన్మలో రాసిన ఉత్తరం అదొక్కటే!

సంవత్సరీకం నాటికి ఇద్దరు తమ్ముళ్లకూ చెల్లెలికీ తలా ఒకటి ఇచ్చి, తనకూ ఒకటి ఉంచుకోవాలని హైమవతి ఆశ. జిరాక్సు తీయిస్తే అవతలి చిలక మసగ్గా వచ్చింది తప్ప రాత రాలేదు, ఎంత నొక్కి రాసినా లేతగానే పడే పెన్సిలు అది. ఫొటో తీసుకుందామంటే సెల్‌ఫోన్లు లేని రోజులవి. ఇదంతా నేను మీకు చెబుతున్నాను. నాంచారయ్యకు చెప్పడానికి ఆమెకు వీలుంటేగా!

"నాంచారయ్య గారూ, ఇది మా అమ్మ కాగితమండీ. దీని వెనకాల..." అని మొదలుపెట్టింది.

"తెలుసమ్మా! మీ అమ్మ రత్తమ్మే కదూ? షెడ్డులో చేసేది. నాలుగు అచ్చులు కావాలి, అంతేగా?"

"నాలుగేనండీ. కానీ ముందుగా మీరు..."

"సంవత్సరీకం లోపల కావాలి. తెలుసు, వజ్రమ్మ చెప్పింది!"

"అది కాదండీ, కాగితం జాగ్రత్త, ఎందుకంటే..."

"ఇరవై ఏళ్ల చెయ్యి తల్లీ ఇది! నువ్వు నాకు జాగ్రత్త చెప్పాలా? వెళ్లు, వెళ్లు, నీ బస్సు పోతుంది."

నిజంగానే బస్సు హారను కొట్టింది. మధ్యాహ్నం డ్యూటీ ఉంది. తిరగేసి చూస్తే ఆయనకే తెలుస్తుందిలే అనుకుని ఆమె పరుగెత్తింది, పాపం.

అచ్చుల పనివాడి కంటికి కాగితానికి ఒకే ముఖం ఉంటుంది. బొమ్మ ఉన్నవైపే ముఖం. దాన్ని బోర్లా వేసి చెక్కకు అన్నపు జిగురుతో అంటిస్తారు. తర్వాత తడి వేలితో వెనకవైపును మెల్లగా రుద్దుతారు. పొర లేచి, చిన్నచిన్న ఉండలై రాలిపోతుంది. అప్పుడు బొమ్మ గీతలు తేటగా పైకి కనిపిస్తాయి. ఇక ఆ గీతల వెంట కత్తి నడపడమే.

నాంచారయ్య చిలకను చూశాడు. బోర్లా వేశాడు. అంటించాడు. వేలు తడి చేసుకున్నాడు. వెనకాల బూడిదరంగు గీతలేవో కనిపించాయి. షెడ్డువాళ్ల కొలతలు కాబోలు అనుకున్నాడు. అయ్యో మనిషీ, ఒక్కసారి వంగి చదివితే నీ సొమ్మేం పోయింది! చదవలేదు. పాట పాడుకుంటూ రుద్దాడు. "అమ్మాయీ" ఉండకట్టి రాలిపోయింది. "నేనే రాశాను" రాలిపోయింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రుద్దడంలో మాత్రం బొమ్మ గీత ఒక్కటి చెదరలేదు, అంత పనిమంతుడు!

ఆరో రోజు హైమవతి వచ్చింది. నాంచారయ్య గుమ్మంలోనే ఎదురుపడి, కాగితాల మీద అచ్చు తీసే ముందు చూపిద్దామని చెక్కను ఆమె చేతుల్లో పెట్టాడు. చిలక రెక్కలో ఈకలు లెక్కపెట్టుకోవచ్చు.

"చాలా బాగుందండీ. ఎవరిదిది?" అంది ఆమె.

"ఎవరిదేమిటమ్మా? నీదే!"

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మరి నా కాగితం?"

నాంచారయ్య పకపకా నవ్వాడు. "కాగితం ఇంకెక్కడిదమ్మా! చెక్కకి అంటించి, వెనక పొర తీసేసి, గీతల వెంట కోసేశాక ఇంకేం మిగులుతుంది?"

హైమవతి ఉన్నచోటే కూలబడింది. చెక్క చేతిలోంచి జారి నేల మీద పడింది. లోపలి నుంచి వజ్రమ్మ పరుగున వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"వెనకాల మా అమ్మ రాసిందండీ," అంది హైమవతి. "చిలక నాకెందుకు? మా అమ్మ రాత చెక్కమని కదా తెచ్చాను!"

నాంచారయ్య ఒక్క ఉదుటున పని చేసే మూలకు వెళ్లి, చెక్కపొట్టు కుప్పను రెండు చేతులా కెలికాడు. గోనెసంచిలో ఎత్తి పెట్టినదంతా నేల మీద గుమ్మరించాడు. పొట్టు మధ్యలో కాగితం ఉండలు దొరికాయి, నువ్వుగింజలంత ఉన్నాయి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని గోటితో విప్పబోయాడు. అది పొడి అయిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే! ఒక్క అక్షరం దొరకలేదు.

"ఏం రాసి ఉందో చెప్పమ్మా," అన్నాడు ఏడుపు గొంతుతో. "నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పు. అక్షరం పొల్లుపోకుండా చెక్కుతాను."

"ఆ మాటలు నాకు కంఠతా వచ్చు నాంచారయ్య గారూ," అంది హైమవతి. "నా తమ్ముళ్లకీ వచ్చు. మాటలు పోలేదు. మా అమ్మ అక్షరాలు ఒకటి కొండంత, ఒకటి చీమంత ఉండేవి. 'నేనే' అన్నచోట పెన్సిలు గట్టిగా నొక్కి, కాగితం చిరిగేంత పని చేసింది. ఆ చెయ్యి మళ్లీ ఎక్కణ్ణుంచి తెస్తారు మీరు?"

వజ్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాంచారయ్య పొట్టు మధ్యలో మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు.

హైమవతి కళ్లు తుడుచుకుని లేచింది. తిట్టలేదు, శపించలేదు. చెక్క కూడా తీసుకోలేదు. మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "రెండు నిమిషాలు నన్ను మాట్లాడనిచ్చి ఉంటే సరిపోయేది కదండీ," అంది. అని వెళ్లిపోయింది.

నాంచారయ్య ఆ తర్వాత ఎన్ని గొప్ప అచ్చులు చెక్కినా, రత్తమ్మ పిల్లలకు వాళ్లమ్మ చేతిరాతను తెచ్చి ఇవ్వలేకపోయాడు.

నీతి: ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినండి; వినకుండా పాడు చేసినదాన్ని ఎంత నేర్పున్న చెయ్యి అయినా తిరిగి తేలేదు.